స్టీరింగ్ లోపలి తీగ

లారీ హారన్ బటన్‌ను స్టీరింగ్ చక్రం నడుమ ఎందుకు పెట్టారు? డాష్‌బోర్డు మీద కావలసినంత జాగా ఉంది. అక్కడ పెడితే తీగ తిన్నగా పోతుంది. తిరగదు, ఒరుసుకోదు, తొందరగా తెగదు. చక్రం నడుమ పెట్టినందుకే ఇంత తిప్పలు. ఆ చక్రం ఇటు చివరి నుంచి అటు చివరికి అయిదారు చుట్లు తిరుగుతుంది. దాని కింద ఇరుసు, ఇరుసు చుట్టూ గొట్టం. తిరిగే బటన్ నుంచి తిరగని బండికి కరెంటు దాటాలి. లారీ కట్టినవాళ్లు తెలిసే ఈ కష్టం నెత్తిన వేసుకున్నారు. ఆపద ఎదురొచ్చిన క్షణాన డ్రైవర్ రెండు చేతులూ ఉండేది అక్కడే కాబట్టి. చెయ్యి తీయకుండా బొటనవేలు జరిపితే చాలు, ముందున్న మనిషికి కబురు అందుతుంది.

ఈ సంగతి చెప్పడానికి కారణం ఉంది. హారన్ మోగట్లేదని ఇవాళ ఏ షెడ్డుకు పోయినా మొదట వినిపించే మాట, 'డైరెక్ట్ చేద్దాం.' అంటే స్టీరింగ్ గొట్టం జోలికి పోకుండా బయటినుంచి ఒక తీగ లాగి, డాష్‌బోర్డు కింద ఇంటి కాలింగ్ బెల్ స్విచ్ ఒకటి బిగించడం. పావుగంట పని. హారన్ మోగుతుంది, బండి పోతుంది. గోదావరిఖని, ఎన్టీపీసీ, రాజీవ్ రహదారి పొడుగునా ఆగి ఉన్న పాత లారీల్లోకి తొంగి చూడండి, ఆ తెల్ల స్విచ్ కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. హారన్ బాగుపడింది గాని, అది ఉండవలసిన చోటు పోయింది.

మా బాపు గనిలోకి దిగలేదు, లారీ తోలాడు. ముందుకు మూతి సాగిన టాటా బెంజి. టాటాలు జర్మనీ డైమ్లర్-బెంజ్ కంపెనీతో 1954లో పొత్తు పెట్టుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టారు. 1969లో పొత్తు ముగిసింది. మా దగ్గర డ్రైవర్ల నోట 'బెంజి' పేరు మాత్రం ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆడింది. మా సింగరేణి బొగ్గు నేల మీద, ఇల్లందులో 1889లో తవ్వకం మొదలైనప్పుడు బొగ్గుకు రైలే దిక్కు. గోదావరి ఒడ్డున అడవి కొట్టి గనులు తెరిచిన 1960ల నాటికి రైలుకు తోడు లారీ వచ్చింది. గని కప్పుకు ఆసరా పెట్టే దుంగలు, సిమెంటు, పట్టాలు, కార్మికుల క్వార్టర్లకు ఇటుకలు, ఇసుక అన్నీ ఆ మూతి బండ్లే మోశాయి. గనుల చరిత్ర రాసేవాళ్లు టన్నుల లెక్క రాస్తారు, ఆ టన్నుల కింద నలిగిన కమాన్ కట్టల గురించి రాయరు. వాటి గురించీ ఎవరైనా రాయాలని నా కోరిక.

అలాంటి బండి ఒకటి మా చిన్నాయన కొడుకు దగ్గర ఉంది. ఇప్పుడది కిరాయికి పోదు, షెడ్డు నీడలో ఉంటుంది. పండుగ నాడు కడిగి, బొట్టు పెట్టి, ఊరి చివరిదాకా తిప్పి తెస్తారు. దాని హారన్ కొన్నాళ్లు వంకర వంకరగా మోగింది. చక్రం తిన్నగా ఉంటే పలికేది, ఎడమకు తిప్పితే మూగబోయేది. తర్వాత పూర్తిగా ఆగింది. డైరెక్ట్ చేయించనని మా తమ్ముడు పట్టుబట్టాడు. గొట్టం విప్పే మనిషి కోసం వెతికితే, లారీల వైరింగులోనే జుట్టు నెరిసిన ఒక ఉస్తాద్ దొరికాడు. ఆయన పని చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను.

మొదట ఆయన ఏదీ విప్పలేదు. టెస్ట్ లాంపు తీసి బటన్ తీగకు ఆనించాడు. వెలిగింది.

"కరెంటు వస్తోంది గదా ఉస్తాద్, మరి హారన్ల తప్పుందా?" అన్నాను.

"లాంపు అబద్ధం చెప్తది తమ్మీ. బరువు మోస్తే గదా తీగ సంగతి తెలిసేది" అన్నాడు.

నాకు ఆ మాట మింగుడుపడడానికి కాస్త లెక్క కావలసి వచ్చింది. తీగ అంటే ఒక్కటి కాదు, లోపల సన్నని రాగి పోగుల కట్ట. తెగడం ఒక్కసారి జరగదు. ఇవాళ ఒక పోగు, మరికొన్నాళ్లకు ఇంకొకటి. పైన తొడుగు చెక్కుచెదరదు, చేత్తో తడిమితే నిండుగానే తగులుతుంది. చివరికి ఒకటి రెండు పోగులు మిగిలి, వాటి కొసలు కూడా నల్లబడి, ఆ చోట ఒక్క ఓం అడ్డు ఏర్పడిందనుకోండి. పన్నెండు వోల్టుల బండిలో అయిదు వాట్ల టెస్ట్ బల్బు అర ఆంపియరు కూడా లాగదు. దానికి పోయేది అర వోల్టు లోపే, కాంతిలో తేడా కంటికి ఆనదు. అదే తీగ మీద అయిదు ఆంపియర్లు అడిగే హారన్ పెట్టండి, మూడున్నర వోల్టులు దారిలోనే వేడిగా కరిగిపోతాయి. గొంతు కీచుమంటుంది. అడ్డు ఇంకొంచెం పెరిగితే అదీ ఉండదు. తేలిక పరీక్షలో నెగ్గిన తీగ బరువు పరీక్షలో ఓడిపోతుంది. అందుకని ఉస్తాద్ హారన్‌ను అలాగే తగిలించి ఉంచి, మా తమ్ముణ్ణి బటన్ నొక్కి పట్టుకోమని, తీగ పొడుగునా ఎక్కడ ఎన్ని వోల్టులు తరుగుతున్నాయో మీటరుతో చూసుకుంటూ పోయాడు. తర్వాత మీటరు పక్కన పెట్టి చక్రాన్ని నెమ్మదిగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ చెవి గొట్టానికి ఆనించాడు. ఎక్కడో ఒక చోట హారన్ టిక్కుమని ఆగింది. అక్కడ సుద్దతో గీత గీశాడు.

"తీగ నడుమల తెగదు. వంగే కాడ తెగుతది, లేకుంటే ఒరుసుకునే కాడ" అన్నాడు గీత చూపించి.

అటు తర్వాతి పనికి ఓపిక కావాలి. బ్యాటరీ ఎర్త్ ముందు తీసేయాలి. లేకపోతే లోపల పానా తగిలి నిప్పులు లేస్తాయి. నడుమ బిల్ల ఊడదీసి, నట్టు వదులు చేసి, పూర్తిగా తీయకుండా రెండు చుట్ల మీద నిలపాలి. పుల్లర్ బిగించినప్పుడు చక్రం ఒక్కసారిగా ఎగిరి ముఖానికి తగలకుండా ఆ నట్టు ఆపుతుంది. చక్రానికీ ఇరుసుకూ కలిపి ఒక గుర్తు పెట్టుకోవాలి. ఒక్క పల్లు తేడాగా తిరిగి ఎక్కించారో, బండి తిన్నగా పోతుంటే చక్రం పక్కకు చూస్తుంది. సుత్తి దెబ్బ వేయకూడదు. ఈ వరుస ఏ పుస్తకంలోనూ చదివినట్టు ఆయన చెప్పలేదు. చేతులు వాటంతటవే ఆ వరుసలో పోయాయి.

చక్రం లేచాక కనిపించింది ఒక ఇత్తడి రింగు, దాని మీద స్ప్రింగు ఒత్తిడితో ఆనుకున్న చిన్న బ్రష్. రింగు చక్రంతో తిరుగుతుంది, బ్రష్ గొట్టంతో నిలిచి ఉంటుంది. ఎంత తిప్పినా రెంటి స్పర్శ వీడదు. ఏళ్ల నాటి గ్రీజు, బొగ్గు పొడి కలిసి నల్లటి ముద్దగా పేరుకుని, బ్రష్ ఒక పక్కకు అరిగిపోయి ఉంది. ఇరుసు పైన బుష్ అరిగి చక్రం కాస్త ఊగుతుండడం అందుకు కారణం. తీగ తెగింది ఆ బ్రష్ కిందే, గొట్టం అంచు దాటి వంగే చోట. ఇక్కడ తీగ ఒక్కటే మార్చి మూసేస్తే మళ్లీ ఏడాదికి అక్కడే తెగుతుంది. ఉస్తాద్ బుష్ మార్చాడు, రింగును సన్న గీకుడు కాగితంతో మెరిసేదాకా రుద్దాడు, గొట్టం అంచుకు రబ్బరు వాషర్ తొడిగాడు. ఆ తర్వాతే తీగ ముట్టుకున్నాడు.

పాత తీగకు నూలు అల్లిక తొడుగు. వేలితో నలిపితే పొడి రాలింది. దాన్ని కోపంగా లాగి పారేయలేదు ఆయన. లాగులో బొందు ఎక్కించినట్టు, పాత తీగ కొసకు కొత్త తీగ కొస కట్టి, సాల్డరింగు చేసి, ముడి నున్నగా ఉండేలా టేపు చుట్టి, కింది నుంచి మెల్లగా లాగాడు. గొట్టంలో ఉన్న మెలికలు, పట్టీలు, సందులు పాత తీగకే తెలుసు. అది బయటికి వస్తూ కొత్తదాన్ని లోపలికి తీసుకుపోయింది.

ఆ ఇత్తడి రింగు నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. నిలకడగా ఉన్నదానికీ తిరిగేదానికీ నడుమ సంబంధం ఎలా నిలబెట్టాలన్నది ఇంజనీర్లకు పాత చిక్కు. తీగతో ముడివేస్తే మెలిపడి తెగుతుంది. ముడి వేయకపోతే కబురు అందదు. ముడి లేకుండా ఆనుకుని ఉండడం అన్న ఉపాయాన్ని రింగు కనిపెట్టింది. మా రామగుండం ఓపెన్‌కాస్టు గనుల్లో పనిచేసిన డ్రాగ్‌లైన్ చూసినవాళ్లకు తెలుసు. ఒక భవనమంత యంత్రం, తన పునాది పళ్లెం మీద గుండ్రంగా తిరుగుతూ మట్టిని ఎత్తి పోస్తుంది. దానికి కరెంటు నేల మీది కేబుల్ గుండా వస్తుంది. నేల తిరగదు, యంత్రం తిరుగుతుంది. వేల వోల్టుల ఆ కరెంటు దాటేది కూడా రింగుల మీదుగానే. మా తమ్ముడి బండిలో అరచేతిలో పట్టే రింగు, అక్కడ మనిషి ఎత్తు అమరిక. సూత్రం ఒక్కటే, జబ్బు కూడా ఒక్కటే. దుమ్ము చేరుతుంది, బ్రష్ అరుగుతుంది, నిప్పురవ్వ లేస్తుంది. రింగులు తుడిచే మనిషి లేకపోతే అంత యంత్రమూ ఆగుతుంది.

నిప్పురవ్వ అన్నాను గనుక గనిలోకి ఒకసారి దిగాలి. బండి హారన్‌లో ఉన్నది ఒక కాయిలు, ఒక కాంటాక్టు, వణికే ఒక రేకు. కాలింగ్ బెల్లులో ఉండేదీ దాదాపు అదే. భూగర్భ గనిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగే హాలేజి దారి పొడుగునా వేసే సిగ్నల్ తీగ చివర మోగే బెల్లూ ఆ కుటుంబానిదే. నడుస్తున్న హాలేజికి ఒక్క దెబ్బ మోగితే ఆగమని. తాడు కొసన ఉన్న టబ్బులు ఎక్కడున్నాయో హాలర్ డ్రైవర్ కంటికి కనిపించవు. చీకట్లో ఎక్కడో మనిషి తీగ ముట్టిస్తే, ఇక్కడ ఈయన చెయ్యి బ్రేకు మీద పడుతుంది. ఆ తీగ ఒక్క పోగు మీద ఉన్న రోజున ఎవరి కాలు పట్టాల మీద ఉంటుందో ఎవరు చెప్పగలరు?

కాయిలున్న సర్క్యూట్‌ను తెంచినప్పుడు దానిలో నిలవ ఉన్న శక్తి నిప్పురవ్వగా దూకుతుంది. బ్యాటరీ చిన్నదే అయినా రవ్వ చిన్నది కాదు. వేల్స్ దేశంలో సెంఘెనిడ్ అనే ఊరి గనిలో 1913 అక్టోబరు 14న జరిగిన పేలుడులో 439 మంది కార్మికులు, కాపాడబోయిన మరొకరు పోయారు. కారణం తిరుగులేకుండా తేలలేదు గాని, బెల్లు తీగల రవ్వ మీద గట్టి అనుమానం వచ్చింది. అంతకుముందు ఏడాది బెడ్వాస్ గనిలోనూ ఇదే అనుమానం. ఆ తర్వాత వీలర్, థార్న్‌టన్ అనే శాస్త్రజ్ఞులు బెల్లు సిగ్నళ్ల రవ్వలకు మీథేను అంటుకుంటుందా అని ఏళ్ల తరబడి పరీక్షలు చేశారు. ఇవాళ గనుల్లో, చమురు శుద్ధి కర్మాగారాల్లో వాడే 'ఇంట్రిన్సిక్ సేఫ్టీ' పద్ధతి, అంటే సర్క్యూట్‌లో వాయువును అంటించేంత శక్తి అసలే ఉండకుండా చూడడం, అందులోంచే పుట్టింది. ఒక గంట మోగించే తీగ మీద అంత శ్రద్ధ పెట్టాల్సి వచ్చింది. లారీలో ఆ రవ్వ ప్రాణం తీయదు, ఇత్తడిని కొద్దికొద్దిగా కొరుక్కుతింటుంది. రిలే లేని పాత బండ్లలో హారన్ కరెంటంతా బటన్ కాంటాక్టు మీదుగానే పోవాలి, అందుకే అది అంత తొందరగా గుంటలు పడుతుంది.  

గని మనుషులకు ఉస్తాద్ చెప్పిన ఈ వంగే చోటు గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. టోపీ లైటు కేబుల్ ఎక్కడ పోతుందో ల్యాంప్ రూములో అడగండి. బ్యాటరీ డబ్బాలోంచి బయటికొచ్చే చోట, లేదంటే తలదీపంలోకి దూరే చోట అంటారు. బొగ్గు ఎత్తిపోసే ఎస్డీఎల్ యంత్రం వెనక ఈడ్చుకుంటూ తిరిగే కేబుల్ సంగతీ అంతే. దాన్ని పైపైన టేపు చుట్టి వదిలేయరు, వర్క్‌షాపుకు పంపి వల్కనైజింగ్ చేయిస్తారు. భూమి లోపల మనం ఒప్పుకోని అతుకును రోడ్డు మీద ఎందుకు ఒప్పుకుంటున్నామన్నదే నా ప్రశ్న.

డైరెక్ట్ చేసే కుర్రాళ్లను తప్పుపట్టలేను. లోడు మీద బండి ఆగితే ఓనరు గంటకోసారి ఫోను చేస్తాడు. కాంటా దగ్గర వరుస పోతుంది. డ్రైవర్‌కు ట్రిప్పు లెక్కన కూలి. సగం రోజు గొట్టం విప్పి కూర్చునే తీరిక అక్కడ ఎవరికుంది? గొట్టం విప్పినందుకు మూడింతల కూలి అడిగితే ఇచ్చేవాడు ఎవడు? ఆ రాత్రికి డైరెక్ట్ చేసుకుని పోవడం తప్పు కాదు. రాత్రికి వేసిన తీగ పదేళ్లు ఉండిపోవడం తప్పు. తాత్కాలికం అనుకున్నది అలాగే నిలబడిపోయి, చివరికి డ్రైవర్ చెయ్యి దానికే అలవాటు పడుతుంది. మలుపులో సైకిలు మీది పిల్లవాడు అడ్డొచ్చినప్పుడు ఆ చెయ్యి చక్రం వదిలి డాష్‌బోర్డు కింద వెతుకుతుంది. పవర్ స్టీరింగ్ లేని బండి, వెనక బరువు, ఒక్క చేతి మీద చక్రం. ఆ అర సెకను గురించే నా బాధంతా.

 డైరెక్ట్ చేయడం షెడ్డుల్లోనే కాదు, ఇళ్లలోనూ ఊళ్లలోనూ ఉంది. అన్నదమ్ముల నడుమ మాట తెగితే మధ్యవర్తి చేత కబుర్లు పంపడం, ఊరికీ కంపెనీకీ నడుమ మాట తెగితే కాగితాల మీద నడిపించడం. పని జరిగిపోతూనే ఉంటుంది. పండుగ పలకరింపు లాంటి తేలిక సందర్భాల్లో అంతా బాగానే ఉన్నట్టు టెస్ట్ లాంపు వెలుగుతుంది. అమ్మ ఆసుపత్రిలో పడ్డ రాత్రి బరువు పడుతుంది, అప్పుడు తెలుస్తుంది తీగలో ఎన్ని పోగులు మిగిలాయో. ఇది మా ఇంట్లో చూశాను కనుకే చెబుతున్నాను. ఉస్తాద్ పని చూసిన వారానికి మా బాబాయి ఇంటికి నేనే నడిచి వెళ్లాను. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ అక్కర్లేదు.

పాత బండ్ల విలువ ప్రభుత్వమూ గుర్తించింది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేసుకోవచ్చు. అయితే అది సొంత వాడకానికి ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్ల కోసం రాసింది. రాజుల కార్లకూ బుల్లెట్ బండ్లకూ అందులో చోటుంది, జీవితమంతా సరుకు మోసిన లారీకి లేదు. ఇంకోవైపు 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు. పొగ, భద్రత లెక్కల్లో అది సబబే. ఓడిన బండిని రోడ్డు మీద తిప్పమని నేను అడగను. ఒక్కో గని ప్రాంతంలో ఒక్క లారీని, ఒక్క డంపర్‌ను, వైరింగుతో సహా, చక్రం నడుమ హారన్ బటన్‌తో సహా, కదిలే స్థితిలో నిలిపి ఉంచమని అడుగుతున్నాను. సింగరేణి కంపెనీకి 1920 డిసెంబరు నుంచి ఆ పేరు మీద నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో లారీకి ఒక షెడ్డు దక్కకపోవడం న్యాయం కాదు.

బండిని నిలపడం కన్నా కష్టమైనది ఆ పని తెలిసిన చేతులను నిలపడం. మన తెలంగాణలో 65 ఐటీఐలను కొత్త యంత్రాలతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. రోబోలు, ఎలక్ట్రిక్ బండ్లు నేర్పడం అవసరమే, మన పిల్లలకు అన్నం పెట్టేవి అవే. ఎలక్ట్రిక్ బండిలోనూ చక్రం తిరుగుతుంది, తీగ వంగుతుంది. లాంపు వెలిగినంత మాత్రాన తీగ బాగుందనుకోకూడదన్న పాఠం అక్కడా పనికొస్తుంది. ఆ పాఠం చెప్పగల మనిషి రోడ్డు పక్క షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనను ఒక్క పూట పిలిచి, శాలువా కప్పి పంపేయకుండా, ఒక గొట్టం, ఒక రింగు ముందు పెట్టి పిల్లల నడుమ కూర్చోబెడితే బాగుంటుంది.

మీ ఎరికలో పాత లారీ ఉంటే, దాని డాష్‌బోర్డు కింద ఆ తెల్ల స్విచ్ ఉంటే, ఈ నెల తీరిక చేసుకుని స్టీరింగ్ విప్పించండి. విప్పే మనిషి అడిగిన కూలికి బేరం ఆడకండి. పోయేటప్పుడు పని నేర్చుకునే ఈడు పిల్లవాణ్ణి ఒకణ్ణి వెంట తీసుకుపోండి, టార్చిలైటు వాడి చేతికివ్వండి.